దెయ్యానికి పేరు పెట్టేదెవరు? కేంబ్రిడ్జి కళాశాలల కథలు

1997లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో, పీటర్‌హౌస్ అనే కళాశాలలో పనిచేసే ఇద్దరు బట్లర్లు తమకు ఒక తెల్లటి ముసుగు ఆకారం కనిపించిందని చెప్పారు. అది కనిపించిన చోటు కాంబినేషన్ రూమ్, అంటే ఫెలోలుగా పిలిచే అధ్యాపకులు రాత్రి భోజనం ముగించుకొని వచ్చి కూర్చొనే గది. పీటర్‌హౌస్ 1284లో ఏర్పడింది, కేంబ్రిడ్జి కళాశాలలన్నింటిలోకీ పాతది. అలాంటి చోట దెయ్యం కనిపించిందంటే పత్రికలు ఊరుకోవు కదా; సంగతి త్వరలోనే అచ్చయింది, శాంతి ప్రార్థనలు జరిపించాలన్న మాట కూడా వచ్చింది. రెండేళ్ళు తిరిగేసరికి, 1999లో, కళాశాల లెక్కలూ ఆస్తులూ చూసే ఉన్నతోద్యోగి, అక్కడివాళ్ళ మాటలో బర్సర్, అదే గదిలో కిటికీ దగ్గర ఒక చిన్నపాటి మనిషి నిలబడి ఉండగా చూశానని చెప్పాడు. ఆ మనిషి మెడకు వెడల్పాటి కాలరు ఉందని, చేతిలో పెద్ద టోపీ లాంటిదేదో పట్టుకున్నట్టుందని అతని వర్ణన.

ఈ రెండు సంఘటనలకూ కలిపి దొరికిన పేరు ఒక్కటే: ఫ్రాన్సిస్ డాస్. అతను పద్దెనిమిదో శతాబ్దంలో ఇదే కళాశాలలో ఫెలో, బర్సర్ కూడా. 1789లో గంట తాడుకు ఉరివేసుకొని మరణించాడు.

ఇక్కడ కొంచెం ఆగి చూడవలసింది ఉంది. బట్లర్లు చూసింది తెల్లటి ముసుగు. బర్సర్ చూసింది కాలరు, టోపీ ఉన్న మనిషిని. ఒకటి ఇంకొకటి కాదు. పైగా వెడల్పాటి కాలరు, పెద్ద టోపీ అనగానే మనసుకు తోచేది పదిహేడో శతాబ్దపు ప్యూరిటన్, అంటే నిష్ఠాపరులైన ప్రొటెస్టెంటు క్రైస్తవుల వేషం. డాస్ పోయింది ఆ తర్వాత వందేళ్ళు గడిచాక. అయినా ఎవరికీ ఇబ్బంది కలగలేదు. కనిపించిన ఆకారం తన పేరు చెప్పుకోలేదు. పేరు కళాశాల దగ్గర ముందే సిద్ధంగా ఉంది. పాత విద్యాలయాల దెయ్యం కథలను అర్థం చేసుకోవడానికి అసలు తాళంచెవి ఈ పేరు పెట్టే పనిలోనే ఉంది. ఏదో చూశామనే మాట ప్రతి ఊళ్ళోనూ, ప్రతి పాతబడిన మేడలోనూ వినిపిస్తుంది. చాలావరకు నాలుగు రోజులు చెప్పుకొని మరిచిపోతారు. ఆ చూపుకు ఒక మనిషి పేరు, ఒక తేదీ, ఒక గది అతుక్కున్నప్పుడే అది కథగా నిలుస్తుంది.

పేరు దొరకాలంటే కాగితం ఉండాలి. కేంబ్రిడ్జి కళాశాలలకు ఆ లోటు లేదు. ఎవరు ఎప్పుడు చేరారు, ఎవరికి ఏ పదవి దక్కింది, ఏ ఎన్నిక మీద ఎవరు కోర్టుకు వెళ్ళారు అన్నవి వందల ఏళ్ళుగా రాసి పెట్టి ఉన్నాయి. డాస్ కథకు నేపథ్యం కూడా ఒక ఎన్నికే. కళాశాల అధిపతిని మాస్టర్ అంటారు. 1780ల చివర పీటర్‌హౌస్‌లో ఆ పదవి ఖాళీ అయినప్పుడు ఫెలోలకూ, నియమించే అధికారమున్న ఈలీ బిషప్పుకూ మధ్య పెద్ద తగువు నడిచి, చివరికి ఫ్రాన్సిస్ బార్న్స్ 1788లో మాస్టరయ్యాడు. ఆ ఎన్నికలో తన పాత్రను తలచుకొని కుమిలిపోయి డాస్ ప్రాణం తీసుకున్నాడని కళాశాలలో చెప్పుకొనే మాట. బార్న్స్ మాత్రం 1838 దాకా, అంటే యాభై ఏళ్ళు, ఆ కుర్చీలోనే ఉన్నాడు. ఒకడు ఏడాది తిరక్కుండా పోవడం, రెండోవాడు అర్ధశతాబ్దం ఏలడం: ఇందులో కథకు కావలసిన అన్యాయపు వాసన పుష్కలంగా ఉంది. తిరిగి వచ్చేవాడు బార్న్స్ కాకుండా డాస్ కావడం అందువల్లే.

తెలుగు పాఠకుడికి ఈ తర్కం కొత్తది కాదు. ఆయుష్షు తీరకుండా పోయినవాడు, కర్మకాండ సరిగా జరగనివాడు, మనసులో ఏదో మిగిలిపోయినవాడు ఇల్లు వదలడని మన ఊళ్ళలోనూ అంటారు. ఇంగ్లండులో ఈ నమ్మకానికి చట్టం కూడా తోడైంది. ఆత్మహత్య అక్కడ 1961 దాకా నేరం. ఆ నేరం రుజువైతే చనిపోయినవాడి వస్తుసంపద రాజుకు పోయేది, మామూలు క్రైస్తవ ఖననం దక్కేది కాదు, నాలుగు దారులు కలిసే చోట పాతిపెట్టే ఆచారం ఉండేది. ఆ ఆచారాన్ని రద్దుచేసిన చట్టం 1823లో గానీ రాలేదు. మనిషికి చావులో కూడా చోటు లేకుండా చేసిన సమాజం, అతను ఇంకా తిరుగుతున్నాడని అనుకోవడంలో వింత లేదు.

ఈ కోవలో డాస్ కంటే బాధాకరమైనది హెన్రీ బట్స్ చరిత్ర. కార్పస్ క్రిస్టీ కళాశాలకు అతను 1626లో మాస్టరయ్యాడు. 1630లో కేంబ్రిడ్జి మీద ప్లేగు పడినప్పుడు విశ్వవిద్యాలయ వైస్ చాన్సలరు అతనే. విద్యార్థులు, అధ్యాపకులు ఊరు వదిలి పారిపోయారు, బట్స్ కదలలేదు. రోగుల కోసం, పని లేక పస్తులున్న పేదల కోసం ఏర్పాట్లు చూస్తూ, కళాశాలలో తాను తప్ప ఒక్క విద్యార్థి కూడా లేడని, తాను దిక్కులేని ఒంటరినయ్యానని ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. రెండేళ్ళ తర్వాత, 1632 మార్చిలో, మొదటి చార్లెస్ రాజు కేంబ్రిడ్జికి వచ్చాడు. రాజు ఎదుట ప్రదర్శించిన రెండు నాటకాలలో బట్స్ పట్టుబట్టి ముందుకు తెచ్చినది ఘోరంగా విఫలమైంది, మాట అతని మీదికే వచ్చింది. ఆ తర్వాత ఏప్రిల్ 1, ఈస్టర్ ఆదివారం నాడు, విశ్వవిద్యాలయం ముందు ఉపదేశం చేయవలసిన వేళకు, అతను తన నివాసంలో ఉరికి వేలాడుతూ కనిపించాడు. ప్లేగులో నిలబడినవాడు ఒక నాటకం పోయినందుకు కూలిపోయాడని చరిత్ర చెప్పదు. ప్లేగు నాటి ఒంటరితనమే లోపల మిగిలి ఉందేమో. ఏమైనా, ఆ పాత ప్రాంగణంలో వంటశాల పైనున్న గదుల్లో తిరిగేది బట్స్ అని తర్వాతి తరాలు చెప్పుకున్నాయి.

అయితే అదే గదుల మీద ఇంకో హక్కుదారు ఉన్నాడు. 1667 నుంచి 1693 దాకా అక్కడ మాస్టరుగా ఉన్న జాన్ స్పెన్సర్ కూతురు ఒక విద్యార్థిని ప్రేమించిందని, ఇద్దరూ కలిసి ఉన్న వేళ తండ్రి రాగా ఆ యువకుడు బయటినుంచి మాత్రమే తెరుచుకొనే అల్మారాలో దాక్కున్నాడని, అతన్ని విడిపించే వీలు ఆమెకు చిక్కక లోపలే ఊపిరాడక చనిపోయాడని, ఆమె కూడా ఎంతోకాలం బతకలేదని కథ. స్పెన్సర్ చారిత్రక వ్యక్తే, పెద్ద హీబ్రూ పండితుడు కూడా. అల్మారా సంగతి మాత్రం కథ ఆధారంగానే నిలవాలి.

1904లో ఈ గదులు ఒకసారి బాగా అల్లరిపాలయ్యాయి. పై గది కిటికీలోంచి ఎవరో చూస్తున్నట్టు ఒక విద్యార్థికి అనిపించింది. తలుపు చూస్తే తాళం వేసి ఉంది. ఆధ్యాత్మిక శక్తుల మీద ఆసక్తి ఉన్న స్నేహితులను కూడగట్టుకొని కొందరు కుర్రవాళ్ళు ఆ దెయ్యాన్ని వదిలించడానికి పూనుకున్నారు. ఆ రాత్రి అక్కడున్నవాళ్ళలో కొందరికి తెల్లటి ఆకారం కనిపించింది, పక్కనే నిలబడినవాళ్ళకు ఏమీ కనిపించలేదు. సంగతి బయటికి పొక్కాక కళాశాల అంతా మాట్లాడుకున్నది మాత్రం కనిపించిందా లేదా అని కాదు, కనిపించింది ఎవరు అని. బట్స్ అన్నవాళ్ళు కొందరు, అల్మారాలో పోయిన యువకుడు అన్నవాళ్ళు కొందరు. ఒక ఆకారానికి రెండు పేర్లు పోటీపడ్డ ఈ ఉదంతం, పీటర్‌హౌస్‌లో రెండు ఆకారాలకు ఒకే పేరు సరిపోయిన ఉదంతానికి సరిగ్గా తలకిందుల రూపం. పేరుకూ చూపుకూ మధ్య ఉన్న ముడి ఎంత వదులుదో ఈ రెంటినీ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

ఇంకొక ప్రశ్న: ఈ కథలను ఎవరు మోస్తారు? విద్యార్థి మూడేళ్ళుండి వెళ్ళిపోతాడు. అతను వచ్చేటప్పటికి కథ ఉంటుంది, వెళ్ళేటప్పటికి దానికి ఒక చిన్న అతుకు వేసి పోతాడు. దాన్ని దాచి ఉంచేది మాత్రం ఇరవై ముప్పై ఏళ్ళు అక్కడే పనిచేసే బట్లర్లు, ద్వారపాలకులు, గదులు ఊడ్చే ఆడవాళ్ళు. వేళకాని వేళ ఖాళీ గదుల్లో ఉండేది కూడా వాళ్ళే: అందరూ లేచిపోయాక గ్లాసులు తీసేది, తెల్లవారకముందే పొయ్యి రాజేసేది వాళ్ళు. పీటర్‌హౌస్‌లో మొదట చూసింది బట్లర్లే అయినా, కథకు పూర్తి గౌరవం దక్కింది బర్సర్ నోట వచ్చాకే అన్నది గమనించదగ్గది. అక్కడి దెయ్యాల జాబితాలో కూడా ఇదే మెట్ల వరుస కనిపిస్తుంది. పేరున్న దెయ్యాలన్నీ మాస్టర్లవీ, ఫెలోలవీ, మహా అయితే మాస్టరు కూతురిది. ఆ వంటశాలల్లో శతాబ్దాలపాటు పని చేసి చనిపోయిన వంటవాళ్ళు ఎవరూ తిరిగి రారు. వచ్చినా వాళ్ళ పేర్లు రాసి ఉన్న పుస్తకం లేదు.

మన కళాశాల హాస్టళ్ళలో కథలు ఇంకో దారిలో నడుస్తాయి. ఎప్పుడూ తాళం వేసి ఉండే చివరి గది, అర్ధరాత్రి మేడ మీద గజ్జెల చప్పుడు, బాత్‌రూముల్లో దానంతటదే తిరిగే కుళాయి, వాచ్‌మన్ ఒక్కడికే తెలిసిన సంగతి: సీనియర్లు జూనియర్లకు చేరిన మొదటి నెలలోనే, కరెంటు పోయిన రాత్రి చూసి అప్పగించే సరుకు ఇది. ఇందులో దెయ్యానికి పేరుండదు. ‘ఎవరో అమ్మాయి’, ‘ఏదో బ్యాచ్‌లో ఒకతను’ అంటారు. రాతలో లేకపోవడం ఒక కారణమైతే, అంతకంటే బలమైన కారణం ఇంకొకటుంది. అలాంటి మరణం నిజంగా జరిగి ఉంటే అది నిన్నమొన్నటిది, తల్లిదండ్రులు బతికే ఉంటారు. పేరు పలకడానికి నోరు రాదు. డాస్ పేరును ఇంగ్లీషువాళ్ళు అంత తేలిగ్గా పలకగలిగారంటే అతని కోసం ఏడ్చేవాళ్ళు లేకుండా పోయి రెండు వందల ఏళ్ళయింది గనుక.

పేరు తర్వాత కథకు ఊతమిచ్చేది కంటికి కనిపించే గుర్తు. పీటర్‌హౌస్‌లోనే ఒక పై అంతస్తు కిటికీకి ఇనప కమ్మీ ఒకటి ఇప్పటికీ బిగించి ఉంది. అది కవి థామస్ గ్రే పెట్టించుకున్నది. అతనికి అగ్నిప్రమాదమంటే విపరీతమైన భయం. నిప్పంటుకుంటే కమ్మీకి తాడు నిచ్చెన కట్టి దిగిపోదామని ఏర్పాటు. 1756లో అల్లరి విద్యార్థులు కొందరు కిటికీ కింద చేరి మంటలు మంటలని కేకలు వేశారు. గ్రే ఆ అవమానం భరించలేక వీధి దాటి ఎదుటి పెంబ్రోక్ కళాశాలకు మారిపోయాడు. అంతవరకే జరిగింది. తర్వాత చెప్పినవాళ్ళు అతన్ని రాత్రి దుస్తుల్లో తాడు మీద దింపి, కింద సిద్ధంగా పెట్టిన నీళ్ళ తొట్టెలో పడేశారు. ఇది దెయ్యం కథ కాదు, కానీ కళాశాల కథ ఎలా పెరుగుతుందో చూపడానికి ఇంతకంటే చేతికందే ఉదాహరణ లేదు. కమ్మీ ఉంది, మనిషి ఉన్నాడు, సంవత్సరం ఉంది. ఈ మూడింటి పూచీ మీద నీళ్ళ తొట్టె కూడా నిజమై కూర్చుంది.

మరి మనిషీ లేక, సంవత్సరమూ లేకపోతే? వాటిని పుట్టించవచ్చునని జీసస్ కళాశాల ఉదంతం చెబుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడ ఏడుగురు సభ్యులతో ఒక ‘శాశ్వత సంఘం’ ఉండేదని, బతికున్నా చనిపోయినా ప్రతి సభ్యుడూ ఏటా నవంబరు 2న సమావేశానికి రావాలన్నది దాని నియమమని, ఒక్కొక్కరే చనిపోగా చివరికి మిగిలినవాడు మృతుల మధ్య కూర్చొని సమావేశం జరిపాడని, ఆ గది తర్వాత మూసేశారని కథ. సభ్యుల పేర్లు, తేదీలు, మినిట్స్ పుస్తకం, మెట్లదారి గుర్తు, అన్నీ పక్కాగా ఉన్నాయి. ఉండకుండా ఎలా ఉంటాయి! దాన్ని రాసింది ఆ కళాశాలకే 1912 నుంచి మాస్టరుగా ఉన్న ఆర్థర్ గ్రే. చరిత్రకారుడు, కళాశాల దస్తావేజులు క్షుణ్ణంగా చదివినవాడు. ఇంగుల్ఫస్ అనే మారుపేరుతో అతను రాసిన దెయ్యం కథలు 1919లో సంపుటిగా వచ్చాయి. దస్తావేజుల భాష అంత సహజంగా పలికించాడు గనుక, ఇది కల్పన అన్న సంగతి జారిపోయి, శాశ్వత సంఘం నిజంగా జరిగిన సంగతిగా దెయ్యాల పుస్తకాల్లోకి ఎక్కింది. ఆ కాలపు కేంబ్రిడ్జిలో ఇలాంటి రచనకు మంచి గిరాకీ కూడా ఉండేది. కింగ్స్ కళాశాల పండితుడు ఎం. ఆర్. జేమ్స్ 1893లో చిట్‌చాట్ అనే చిన్న సంఘంలో తన దెయ్యం కథలు చదివాడు, తర్వాత క్రిస్మస్ వేళ కొవ్వొత్తి వెలుగులో మిత్రులకు చదివి వినిపించడం ఆనవాయితీ అయింది. పాత ప్రతులు తిరగేసే పండితుడే దెయ్యం కథ రాయడం అక్కడ అరుదేమీ కాదు.

విచిత్రమేమంటే, దెయ్యాలను గట్టిగా లెక్కపెట్టబూనినవాళ్ళలో ముఖ్యులు కూడా ఈ ఊరివాళ్ళే. 1882లో లండనులో ఏర్పడిన సైకికల్ రీసెర్చ్ సొసైటీకి తొలి అధ్యక్షుడు ట్రినిటీ కళాశాల తత్త్వవేత్త హెన్రీ సిడ్జ్‌విక్. అతని భార్య ఎలినార్ తర్వాత న్యూన్‌హామ్ మహిళా కళాశాలకు ప్రిన్సిపాలైంది. ఈ దంపతులు, వాళ్ళ సహచరులు కలిసి 17,000 మందిని ఒకే ప్రశ్న అడిగించారు: పూర్తిగా మెలకువగా ఉన్నప్పుడు, బయట కారణమేదీ లేకుండా, ఎవరినైనా చూసినట్టో, ఎవరో తాకినట్టో, గొంతు విన్నట్టో ఎప్పుడైనా స్పష్టంగా అనిపించిందా? 1894లో వెలువడిన నివేదిక ప్రకారం అవునన్నవాళ్ళు 1,684 మంది, అంటే పదిమందిలో ఒకరు. కనిపించిన ఆకారాలలో చనిపోయినవాళ్ళ కంటే బతికున్నవాళ్ళవే ఎక్కువ కావడం ఆ నివేదికలో అన్నింటికంటే ఆలోచింపజేసే సంగతి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా లేనిది కనిపించడం మామూలేనని, కనిపించినదల్లా ప్రేతం కానక్కరలేదని దాని అర్థం. బతికున్న మేనమామ కనిపిస్తే ఇంట్లో నవ్వుకొని వదిలేస్తారు. పాత కళాశాల గదిలో ముక్కూమొహం తెలియని ఆకారం కనిపిస్తే దానికి మృతుల జాబితాలోంచి పేరు వెతుకుతారు.

కనిపించడానికి కారణాలను తర్వాతివాళ్ళు రకరకాలుగా వెతికారు. 1998లో విక్ టాండీ అనే ఇంజినీరు, తాను పనిచేసిన ప్రయోగశాలలో బూడిదరంగు ఆకారం కనిపించడానికి కొత్తగా బిగించిన ఫ్యాను పుట్టించే, చెవికి వినిపించని సుమారు 19 హెర్ట్జ్‌ల ధ్వని కారణమని రాశాడు. పనిబల్ల మీది ఇనప పట్టులో (వైస్‌లో) బిగించిన కత్తి తనంతట తానే అదరడం చూసి అతనికి ఆ ఆలోచన వచ్చింది. చక్కని కథే, కానీ 2009లో ప్రచురితమైన ఒక లండను ప్రయోగంలో 79 మందిని ప్రత్యేకంగా కట్టిన గదిలో ఉంచి చూస్తే, ఆ ధ్వని ఉన్నా లేకున్నా చాలామందికి ఏవేవో అనిపించాయి. విద్యార్థుల విషయంలో ఇంతకంటే దగ్గరి కారణం నిద్ర. మెలకువ వచ్చినా ఒళ్ళు కదలక, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుండే నిద్రా పక్షవాతం మామూలు జనాభాలో జీవితంలో ఒకసారైనా ఎదుర్కొన్నవాళ్ళు 8 శాతంలోపేనని, విద్యార్థుల్లో మాత్రం 28 శాతమని 2011లో పాత అధ్యయనాలన్నీ క్రోడీకరించిన పరిశోధకులు తేల్చారు. పరీక్షల ముందు రాత్రుళ్ళు నిద్ర మానుకొనే వయసు, కొత్త చోటు, పాత గోడలు: హాస్టల్లో దెయ్యం పీక నొక్కిందనే మాటకు ఇంకేం కావాలి? అయితే ఈ లెక్కలన్నీ చూపు సంగతి చెబుతాయే గానీ పేరు సంగతి చెప్పవు. పీక నొక్కింది డాస్ అని చెప్పేది నిద్ర కాదు, కళాశాల.

కేంబ్రిడ్జి దెయ్యాలన్నీ చావు వెంట పుట్టినవి కావు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ చాన్సలరైన కట్టమంచి రామలింగారెడ్డి చదువుకున్న సెంట్ జాన్స్ కళాశాలలో, రెండో ప్రాంగణంలోని ఒక మెట్లదారిలో జేమ్స్ వుడ్ దెయ్యం ఉంటుందని చెప్పుకుంటారు. వుడ్ లాంకషైరులో నేతపనివాడి కొడుకు. 1760లో పుట్టాడు; గదిలో దీపానికి డబ్బులేక, మెట్ల దగ్గర అందరి కోసం వెలిగించే దీపం కింద, చలికి పాదాలకు గడ్డి చుట్టుకొని చదివేవాడట. 1782లో గణిత పరీక్షలో విశ్వవిద్యాలయానికి మొదటివాడయ్యాడు, 1815 నుంచి చనిపోయిన 1839 దాకా అదే కళాశాలకు మాస్టరుగా ఉన్నాడు. వీధి దీపం కింద చదివి పైకొచ్చినవాళ్ళ కథలు వింటూ పెరిగిన తెలుగువాడికి ఈ కథలో కొత్తగా అనిపించేది ఒక్కటే, ఇందులో దెయ్యం ఉండటం. నిండు జీవితం గడిపి, కోరుకున్నదంతా సాధించి, ఎనభైకి దగ్గరపడి పోయిన మనిషికి తిరగవలసిన అవసరమేమిటి? పైగా తిరిగే ఆకారం మాస్టరు గౌను వేసుకున్న ముసలాయన కాదు, ఆ బీద విద్యార్థి. కళాశాల ప్రార్థనామందిరం ముందరి భాగంలో డాక్టర్ వుడ్ పాలరాతి విగ్రహం ఉంది, హుందాగా కూర్చొని ఉంటుంది. గడ్డి చుట్టుకున్న పాదాలు మాత్రం మెట్ల మీదే ఉన్నాయి.